రోగికి పదిహేను రోజులు

కృష్ణమీనన్ మార్గ్‌లోని ఐదవ నంబరు బంగళా 2025 జూలైలో కొద్ది రోజులపాటు దేశంలోని పత్రికలన్నిటిలోనూ మొదటి పుటకు ఎక్కింది. అది భారత ప్రధాన న్యాయమూర్తి అధికార నివాసం. 2024 నవంబరు 10న పదవీ విరమణ చేసిన జస్టిస్ డి. వై. చంద్రచూడ్, అనుమతించిన గడువు దాటినా అందులోనే ఉంటున్నారనీ, బంగళాను వెంటనే స్వాధీనం చేసుకోవలసినదనీ సుప్రీం కోర్టు పాలనా విభాగం జూలై 1న కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు లేఖ వ్రాసింది. కుటుంబంలో తీవ్రమైన అనారోగ్యం ఉన్నదనీ, అందుకు అనువైన ఇల్లు వెదకడంలో జాప్యం జరిగినదనీ, కేటాయించిన ఇంటికి మరమ్మతులు సాగుతున్నాయనీ ఆయన పత్రికలవారికి వివరించుకోవలసి వచ్చింది. ఆగస్టు 1న ఖాళీ చేశారు.

ఆయన చేసినది ఒప్పా తప్పా అన్న మీమాంసతో ఈ లేఖకు పని లేదు. రాజధానిలో గడువు మీరి ప్రభుత్వ బంగళాలలో తిష్ఠ వేసిన మంత్రుల, మాజీ సభ్యుల జాబితా వ్రాయబూనితే ఈ శీర్షిక చాలదు. పైగా అధికార నివాసం వేరు, అద్దె ఇల్లు వేరు. కాని న్యాయశాస్త్రంలో ఆరితేరిన వ్యక్తి సైతం ‘ఇంట్లో రోగులున్నారు, కొంత వ్యవధి కావాలి’ అని చెప్పుకొనే దశ వచ్చినప్పుడు ఆ మాటకు ఒక విలువ లభించింది. విన్నవారున్నారు. మన్నించినవారున్నారు. అదే మాట ఒక సామాన్యుడైన అద్దెదారు చెబితే ఈ దేశపు చట్టం వింటుందా అన్నది నా సందేహం. ఆ సందేహం కలగడానికి కారణం కృష్ణమీనన్ మార్గ్ కాదు, కరోల్ బాగ్.

కరోల్ బాగ్ సందులలో దక్షిణాదివారు చాలాకాలంగా కాపురాలుంటున్నారన్నది ఢిల్లీ తెలిసినవారికి కొత్త విషయం కాదు. అక్కడ నాకు పరిచయస్థులైన ఒక పెద్దాయన ఉన్నారు. యౌవనంలో కేంద్ర సచివాలయంలో గుమాస్తాగా చేరి, అక్కడే సెక్షన్ ఆఫీసరై రిటైరైనారు. నలభై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో క్రింది అంతస్తున రెండు గదులు. అద్దె నేటి లెక్కలో చెప్పుకోదగినది కాదు. నెల నెలా మనియార్డరుతో మొదలై తరువాత చెక్కు రూపంలో తప్పకుండా పోతూనే ఉన్నది. ఆ మధ్య ఆయనకు పేగులో కాన్సర్ అని తేలింది. శస్త్రచికిత్స, ఆపైన మందులు ఎక్కించడం, ప్రతి మూడు వారాలకూ ఆసుపత్రి. భార్యాభర్తలిద్దరే. కూతురు విజయవాడలో.

ఆ రోజులలోనే రిజిస్టర్డ్ పోస్టులో ఒక కాగితం వచ్చింది. ఆవిడ సంతకం చేసి పుచ్చుకున్నారు. “ఏదో ఇంగ్లీషు కాగితమండీ, ఆసుపత్రిదే అనుకొని ఆయన రిపోర్టుల సంచీలో పెట్టాను” అని ఆ తరువాత నాతో అన్నారు. కూతురు వచ్చి స్కానింగు చిత్రాల మధ్య నుంచి దానిని వెలికి తీసేసరికి ఇరవై ఏడు రోజులైనవి. ఇంటి యజమాని మనుమడి కాపురానికి ఆ గదులు కావాలనీ, ఖాళీ చేయించవలసినదనీ రెంట్ కంట్రోలర్ ఎదుట వేసిన దరఖాస్తు తాలూకు సమన్లు అవి. ప్లీడరు చూసి తల ఊపారు. “పదిహేను రోజులు దాటిపోయినవి, ఇక నేను చేయగలిగినది తక్కువ” అన్నారు.

పదిహేను రోజులు ఎక్కడివి? 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టానికి ఆత్యయిక పరిస్థితి కాలంలో, 1975 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చేటట్లు, 25–బి అనే సెక్షన్ చేర్చారు. యజమాని తన నిజమైన అవసరానికి ఇల్లు కోరినప్పుడు దావా ఏళ్ల తరబడి సాగకూడదన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. దీని క్రింద సమన్లు అందిన అద్దెదారుకు కేసు నడుపుకొనే హక్కు దానంతట అది రాదు. పదిహేను రోజులలో ప్రమాణ పత్రం దాఖలు చేసి ‘నాకు వాదించుకొనే అనుమతి ఇప్పించండి’ అని అడగాలి. అడగకపోతే యజమాని చెప్పినదంతా అద్దెదారు ఒప్పుకొన్నట్లే లెక్క. ఆ క్షణం నుంచి కంట్రోలర్‌కు ఖాళీ చేయించే ఉత్తర్వు వ్రాయడం తప్ప వేరే పని లేదు.

ఆలస్యానికి తగిన కారణం ఉంటే మన్నించడం ఏ కోర్టులోనైనా మామూలే. కాలపరిమితి చట్టంలోని అయిదవ సెక్షన్ ఉన్నది అందుకే. ఎందరో కక్షిదారులు వైద్యుని సర్టిఫికెట్ జతచేసి దాని చలవతో గట్టెక్కుతున్నారు. అయితే పృథ్వీపాల్ సింగ్ కేసులో 2009 డిసెంబరులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ఈ తలుపును మూసివేసింది. 25–బి తనంతట తాను సంపూర్ణమైన ప్రత్యేక విధానమనీ, పదిహేను రోజుల తరువాత వచ్చిన అద్దెదారు జాప్యాన్ని మన్నించే అధికారం కంట్రోలర్‌కు లేదనీ అందులో తేల్చారు. చట్టం వ్రాసిన తీరు చూస్తే ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం. అరుదైన సందర్భాలలో హైకోర్టు రివిజన్‌లో జోక్యం చేసుకొనవచ్చునేమో గాని, అది ఆశే తప్ప హక్కు కాదు. తప్పు చట్టం వ్రాసినవారిది, అంటే పార్లమెంటుది. శస్త్రచికిత్స గదిలో ఉన్నవాడికీ, సమన్లు చూసి కూడా ఉదాసీనంగా ఉన్నవాడికీ భేదం చూడవచ్చునని ఒక్క వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది.

పార్లమెంటుకు మానవ జీవితంలోని కష్టసుఖాలు తెలియవనడానికి వీలులేదు. 1988లో ఇదే చట్టాన్ని సవరిస్తూ, వితంతువైన యజమానురాలికీ, రిటైరైన లేక త్వరలో రిటైరు కానున్న ప్రభుత్వోద్యోగికీ, సైన్యం నుంచి వచ్చినవారికీ తమ ఇల్లు త్వరగా దక్కేందుకు వేరువేరు సెక్షన్లు పెట్టారు. ఎవరూ కాదనరు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేని వృద్ధ యజమానికి క్రింది అంతస్తు కావాలంటే కోర్టులు అది నిజమైన అవసరమేనని అంగీకరిస్తున్నవి. అదీ సమంజసమే. అనగా యజమాని అనారోగ్యం చట్టానికి కనబడుతున్నది. అదే క్రింది అంతస్తులో పడక మీద ఉన్న అద్దెదారు అనారోగ్యం కనబడదు. ఇద్దరి బాధనూ పక్కపక్కన పెట్టి తూచమని ఢిల్లీ చట్టంలోని నిజమైన అవసరం నిబంధన చెప్పలేదు.

చెప్పడం అసాధ్యమేమీ కాదు. బొంబాయి 1947 చట్టం, దాని స్థానంలో వచ్చిన మహారాష్ట్ర 1999 చట్టం ఎవరికి ఎక్కువ కష్టమో చూడమని కోర్టును ఆదేశించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1960 చట్టంలో సైతం, అదే భవనంలో ఒక భాగంలో ఉంటున్న యజమాని అదనపు వసతి కోరినప్పుడు, అద్దెదారుకు కలిగే కష్టం యజమానికి కలిగే లాభాన్ని మించితే దరఖాస్తు త్రోసిపుచ్చాలని ఉన్నది. పరిధి చిన్నదే కావచ్చు, త్రాసు మాత్రం ఉన్నది. ఇల్లు విడిచి ఉండడమనే కారణం తీసుకున్నా ఇదే తేడా. మన 1960 చట్టం ‘సమంజసమైన కారణం లేకుండా’ నాలుగు నెలలు వరుసగా ఇల్లు వాడకపోతేనే ఖాళీ చేయించవచ్చునన్నది. ఢిల్లీ చట్టమో, అద్దెదారు గాని అతని కుటుంబీకులు గాని ఆరు నెలలుగా నివసించకపోతే చాలునంటుంది. ‘సమంజసమైన కారణం’ అనే మాట అందులో లేదు. వైద్యం కోసం వేలూరు వెళ్లి కూతురి ఇంట్లో ఏడు నెలలు ఉండిపోయిన వృద్ధ దంపతులు, తాము ఇల్లు వదులుకోలేదనీ, తిరిగి వచ్చే ఉద్దేశంతోనే ఉన్నామనీ కోర్టులో నిరూపించుకోవలసి వస్తుంది. న్యాయమూర్తులు దయతో వ్యాఖ్యానిస్తే బయటపడతారు.

ఇందులో మరొక విచిత్రం ఉన్నది. అద్దెదారు మరణిస్తే ఏమి చేయాలో ఢిల్లీ చట్టం వివరంగా చెప్పింది. భార్యకు హక్కు ఎంతవరకు, ఆధారపడిన పిల్లలకు ఎంతవరకు, ఆధారపడని పిల్లలకు ఏడాది మాత్రమేనా అన్నవన్నీ 1976 సవరణలో విడమరిచారు. చనిపోయినవాడి గురించి ఇంత శ్రద్ధ వహించిన చట్టం చావుకూ బ్రతుకుకూ మధ్య ఉన్నవాడి గురించి ఒక్క మాట అనలేదు.

నాకు తెలిసినంతలో ఒకే ఒక్క వ్యాధికి ఈ దేశంలో అద్దె ఇంటి విషయంలో పేరు పెట్టి రక్షణ ఉన్నది. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్‌.ఐ.వి., ఎయిడ్స్ చట్టం, ఆ వ్యాధి ఉన్నదన్న కారణంతో ఇల్లు అద్దెకు ఇవ్వనని అనడాన్నీ, ఉన్నవారిని వెళ్లగొట్టడాన్నీ నిషేధించింది. ఎందరో ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్నది అది. క్షయరోగి దగ్గుతున్నాడని ఇరుగుపొరుగువారు యజమానికి ఫిర్యాదు చేస్తే, యజమాని ‘నెలాఖరుకు చూసుకోండి’ అంటే, ఆ రోగికి అటువంటి నిబంధన లేదు.

ఇంతవరకు చెప్పినది అద్దె నియంత్రణ చట్టం నీడలో ఉన్నవారి సంగతి. ఆ నీడ ఎంత చిన్నదో కూడా చెప్పాలి. నెలకు 3500 రూపాయలకు మించిన అద్దె ఇళ్లను 1988లోనే ఈ చట్టం నుంచి తొలగించారు. ఈ రోజు ఢిల్లీలో ఆ మొత్తానికి ఒక గది దొరకడం గగనం. కనుక నేటి అద్దెదారులలో అధిక సంఖ్యాకులు ఆస్తి బదిలీ చట్టం క్రిందకు వస్తారు. అది 1882 నాటిది. అందులో నెలవారీ అద్దెను ముగించడానికి ఎన్ని రోజుల నోటీసు చాలునంటారు? పదిహేను రోజులు. దావా వేసి డిక్రీ పొందకుండా బలవంతంగా వెళ్లగొట్టరాదన్న రక్షణ ఉన్న మాట నిజమే. కోర్టుల ఆలస్యం పుణ్యమా అని చాలామంది అంతకన్న ఎక్కువ కాలమే నెట్టుకొస్తారు. అయితే రోగిని ఇల్లు ఖాళీ చేయించడానికి డిక్రీ దాకా పోనవసరం లేదు. మోటారు ఆపివేస్తే చాలు. కరెంటు తీగ తెగితే చాలు. ఇంట్లో ప్రాణవాయువు యంత్రం నడుస్తున్నవాడు కోర్టుకు వెళ్లి తీగ ఎవరు తెంపారో నిరూపించేదాకా ఆగలేడు కదా! సౌకర్యాలు నిలిపివేయరాదని అద్దె నియంత్రణ చట్టంలోని 45వ సెక్షన్ అంటున్నది. 3500 రూపాయలకు మించినవారికి ఆ సెక్షనూ వర్తించదు.

వీరికన్నా అడుగున ఇంకొక వర్గం ఉన్నది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు దగ్గరలో యూసుఫ్ సరాయి, గౌతమ్ నగర్ సందులలో ఉదయం పూట నడిచి చూడండి. బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన రోగులు, వారి బంధువులు గదులు తీసుకొని ఉంటారు. చేతిలో ఒప్పందం లేదు, రసీదు లేదు. చికిత్స ముగిసేదాకా అనుకొని వస్తారు. చికిత్స ఎప్పుడు ముగిసేదీ వైద్యునికే తెలియదు. డబ్బు ముందు అయిపోతుంది. వీరు అద్దెదారులా, అతిథులా అన్న ప్రశ్నే తేలదు. మన జిల్లాల నుంచి వచ్చినవారు కూడా అప్పుడప్పుడు కనబడుతుంటారు. ఎవరైనా పార్లమెంటు సభ్యుని ఇంటి ఔట్‌హౌస్‌లో చోటు దొరికితే అదృష్టవంతులు.

1995లో ఒక అవకాశం వచ్చింది. వృత్తిలో అప్పుడే అడుగుపెట్టిన ఈ విలేఖరికి ఆ సంవత్సరం బాగా గుర్తు. ఉభయ సభలూ కొత్త ఢిల్లీ అద్దె చట్టాన్ని ఆమోదించాయి. ఆగస్టులో రాష్ట్రపతి సంతకం కూడా అయినది. ఫలానా తేదీ నుంచి అమలు అని కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన ఇవ్వడమే తరువాయి. ఆ ప్రకటన నేటికీ రాలేదు. పాత అద్దెల మీద దుకాణాలు నడుపుకొంటున్న వర్తకులు వీధులకెక్కారు, బజార్లు మూసివేశారు. వచ్చిన ప్రభుత్వమల్లా సవరణలు తెస్తామన్నది. ప్రకటన ఇవ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించడానికి 2003లో సుప్రీం కోర్టు నిరాకరించింది. రాష్ట్రపతి సంతకమైన చట్టాన్ని బజారు బందులు ఆపగలవని ఆనాడు తెలుసుకున్నాను. రోగులు బందులు చేయలేరు. వారికి సంఘం లేదు, ఓట్ల లెక్క లేదు. జబ్బు నయమైనవాడు మరచిపోతాడు, నయం కానివాడు మిగలడు.

రెండవ అవకాశం కోవిడ్. 2020 మార్చి ఆఖరులో ఏమి జరిగిందో పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. రోగులను కాదు, రోగులకు చికిత్స చేస్తున్న వైద్యులనే ఇంటి యజమానులు ఖాళీ చేయమన్నారు. ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు హోం మంత్రికి మొర పెట్టుకున్నారు. ఢిల్లీ ప్రభుత్వం అటువంటి యజమానులపై చర్యకు ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 29న కేంద్ర హోం శాఖ విపత్తు నిర్వహణ చట్టం క్రింద, వలస కార్మికుల నుంచి నెల రోజులు అద్దె అడగరాదనీ, కార్మికులను, విద్యార్థులను ఖాళీ చేయించేవారిపై చర్య ఉంటుందనీ ఆదేశించింది. అదే రోజున ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్, అద్దె కట్టలేని పేదల తరఫున ప్రభుత్వం కడుతుందని పత్రికా సమావేశంలో మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టుకోవలసినదేనని 2021 జూలై 22న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పు చెప్పగా, ప్రభుత్వం అప్పీలు చేసి సెప్టెంబరులో స్టే తెచ్చుకున్నది. ముఖ్యమంత్రి మాటకు ఆయన ప్రభుత్వమే స్టే తెచ్చుకొనడం చూసినవారికి రాజకీయాల గురించి వేరే పాఠం అక్కరలేదు.

ఈ అనుభవమంతా కళ్లెదుట ఉండగా, రెండవ తాకిడి శవాల పొగ ఇంకా చల్లారని 2021 జూన్ 2న, కేంద్ర మంత్రివర్గం ఆదర్శ అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. చదివి చూశాను. నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదన్నది మేలైన నిబంధన. సౌకర్యాలు నిలిపివేయరాదన్నారు. ఒప్పంద కాలం ముగిసే సమయానికి దైవికమైన విపత్తు వస్తే, అది తొలగిన తరువాత ఒక నెల వరకు పాత షరతులమీదనే అద్దెదారును ఉండనివ్వాలన్నారు. ఆ విపత్తులేమిటి? యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం, లేక ప్రకృతి వలన కలిగిన అటువంటి వేరే ఉపద్రవం. లక్షల మందిని మంచాన పడవేసిన మహమ్మారి నడుమ ఆమోదించిన చట్టంలో వ్యాధి అనే మాట లేదు. ఊరు మునిగితే నెల రోజులు ఆగుతారు, మనిషి మునిగితే ఆగరు. గడువు మీరి ఉన్నవారి నుంచి మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు అద్దె వసూలు చేయవచ్చునన్నది కూడా అందులోనే ఉన్నది. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాని వ్యక్తి సామాను ఆ గదిలో ఉన్నంతకాలం ఈ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

యజమానుల మొర వినకుండా ఈ విషయం వ్రాయడం అన్యాయం. కరోల్ బాగ్ ఇంటి యజమాని దుర్మార్గుడు కాడు. పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు పళ్లు తీసుకొని వెళ్లి చూసి వచ్చినవాడే. ఆయనకు వచ్చే అద్దె ఆ ఇంటి నీటి పన్నుకు కూడా చాలదు. ఆయన మనుమడు పెళ్లి చేసుకొని వేరే అద్దె ఇంట్లో ఉంటున్నాడు. నలభై ఏళ్లు ఆగినవాడు ఇంకెంతకాలం ఆగాలి? అద్దె నియంత్రణ పేరిట అద్దెలను గడ్డకట్టించి, పేదల గృహ సమస్య భారాన్ని ఇంటి యజమానుల భుజాలపై దింపి ప్రభుత్వాలు చేతులు దులుపుకొన్నందువల్లనే ఇరుపక్షాల మధ్య ఇంత కాఠిన్యం పెరిగింది. రోగి శాశ్వతంగా ఉండిపోవాలని ఎవరూ కోరడం లేదు. కావలసినది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో అద్దె సక్రమంగా చెల్లించాలి, చెల్లించలేని నిరుపేదల విషయంలో ప్రభుత్వం చెల్లించాలి. ఇతర దేశాలలో ఇది వింత కాదు. ఫ్రాన్సులో 1956 నుంచి శీతకాలంలో అద్దెదారులను వెళ్లగొట్టడం నిలిపివేసే చట్టం ఉన్నది. చలిని గుర్తించగలిగిన చట్టం రోగాన్ని గుర్తించలేకపోదు.

మన ప్రభుత్వమే ఇంటి యజమాని అయినప్పుడు ఈ సంగతి దానికి తెలుసు. ఢిల్లీ ప్రభుత్వ క్వార్టర్ల నిబంధనలలో, పదవి ముగిసిన ఉద్యోగి సైతం వైద్య కారణాలు చూపి, ఎక్కువ రుసుము కట్టి, మరికొన్ని నెలలు ఉండే వీలు చిరకాలంగా ఉన్నది. తన ఉద్యోగికి ఇచ్చిన పాటి వెసులుబాటు పౌరునికి ఇవ్వడానికి పార్లమెంటు చేయవలసినది రెండు మూడు వాక్యాల సవరణ. 25–బి లో ఆసుపత్రి చికిత్స వంటి కారణం ఉంటే పదిహేను రోజుల గడువును కంట్రోలర్ పెంచవచ్చునని ఒక వాక్యం. ఉత్తర్వు అమలుకు ముందు ఇంట్లో ప్రాణాపాయస్థితిలో రోగి ఉన్నాడా అని విచారించి, వైద్యుల అభిప్రాయంపై, అద్దె చెల్లింపు షరతుతో, పరిమితమైన వ్యవధి ఇవ్వవచ్చునని ఒక వాక్యం. ఆదర్శ చట్టంలోని విపత్తుల జాబితాలో తీవ్ర వ్యాధి అని ఒక మాట. ఢిల్లీలో భూమి వ్యవహారాలు శాసనసభ పరిధిలో లేవు గనుక ఇక్కడి చట్టానికి జవాబుదారీ కేంద్రానిదే.

అంతవరకు రోగి ఇంట్లో ఉన్నవారికి నేను చెప్పగలిగినది తక్కువ. కోర్టు కవరును మందుల చీటీల మధ్య పెట్టకండి. అద్దె బాకీ కారణంగా నోటీసు వస్తే ఢిల్లీ చట్టంలో రెండు నెలల వ్యవధి ఉన్నది. ఆ తరువాత కూడా కోర్టు ఆదేశం మేరకు బాకీ జమ చేస్తే ఒకసారికి గండం గడుస్తుంది. యజమాని అద్దె పుచ్చుకోకపోతే కంట్రోలర్ వద్ద జమకట్టవచ్చు. పెద్ద అద్దెలవారికి కూడా, బాకీ కారణంగా లీజు రద్దయితే, విచారణ నాటికి వడ్డీతో, ఖర్చులతో సహా చెల్లించి రక్షణ కోరే వీలు 1882 చట్టంలోని 114వ సెక్షన్‌లో ఉన్నది. కోర్టు ఉత్తర్వు లేకుండా బయటకు నెట్టితే ఆరు నెలల లోపల దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చు. ఉచిత న్యాయ సహాయం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా దొరుకుతుంది. కనుక రోగి భార్య పేరు మీద ఆ కార్యాలయానికి వెళ్లడం మేలు.

పెద్దాయన కేసులో ఉత్తర్వు వచ్చింది. నిజమైన అవసరం క్రింద ఇచ్చిన ఉత్తర్వును ఆరు నెలల దాకా అమలు చేయరాదన్న నిబంధన ఉన్నందువల్ల ఆమేరకు ఊపిరి దొరికింది. మందులు ఎక్కించడం అయిదు విడతలు ముగిసేసరికి ఆ ఆరు నెలలూ ముగిసినవి. కూతురు సెలవు పెట్టి వచ్చి ఇళ్లు వెదికింది. ముగ్గురు యజమానులు తలకు గుడ్డ కట్టుకున్న ఆయనను చూసి, ‘అబ్బాయికి కావాలి, మరచిపోయాం’ అన్నారట. చివరకు దొరికిన ఇల్లు ఉత్తమ్ నగర్‌లో. మూడవ అంతస్తు, లిఫ్టు లేదు. పోయిన ఆదివారం వెళ్లినప్పుడు ఆరవ విడతకు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి క్రిందికి దించడానికి ఇద్దరు కూలీలతో ఆవిడ బేరమాడుతున్నారు.